పూత మీద బేరం, ప్రభువు మీద భరోసా

దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో (2: 155) అల్లాహ్ తన దాసులను ఏయే విధాలుగా పరీక్షించేదీ ముందుగానే తెలియజేశాడు. భయం, ఆకలి, ధననష్టం, ప్రాణనష్టం. ఈ నాలుగింటి తర్వాత ఐదవదిగా ఫలాల నష్టాన్ని పేర్కొన్నాడు. ధననష్టం అన్న మాటలోనే పండ్ల నష్టమూ ఇమిడి ఉంది కదా, దానిని మళ్ళీ విడిగా చెప్పడమెందుకు అన్న ప్రశ్న చదువరికి కలుగుతుంది. ఇక్కడ ఫలాలంటే సంతానమని కూడా కొందరు వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. ఆ సంగతికి తర్వాత వద్దాం. తోటల నడుమ బ్రతికేవారికి మాత్రం ఆ మాట ఉన్నదున్నట్లే అర్థమవుతుంది. ఏడాది పెట్టుబడి, ఇంటిల్లిపాది చాకిరీ, తెచ్చిన అప్పు, కూతురి నికాహ్ తేదీ అన్నీ చెట్టు కొమ్మకు వ్రేలాడుతుండగా, ఒక సాయంత్రపు గాలికి అవన్నీ నేల రాలడం వారు కళ్ళారా చూసినవారే.

ఈ నెల మేము చాట్రాయి సీమను దృష్టిలో ఉంచుకుని ఈ శీర్షిక వ్రాస్తున్నాము. నూజివీడు మామిడికి పేరుపొందిన ప్రాంతంలో చాట్రాయి మండలం ఒక భాగం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో అది కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాకు మారింది గాని, అక్కడి మామిడి మారలేదు. చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, కలెక్టరు కాయ ఈ నేల పేరును నిలబెడుతూనే ఉన్నాయి. ఈ చుట్టుపక్కల కాయ ఎక్కువగా విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టుకు, అక్కడి నుండి ఉత్తరాది నగరాలకు పోతుంది. తోటలు కొనేవారిలో, కాయ కోయించి లారీలకు ఎక్కించేవారిలో, గడ్డి పరచి పండ్లు మగ్గబెట్టేవారిలో మన ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. వారిలో చాలామందికి సొంత తోట ఉండదు. ఉన్నదల్లా బేరం చేసే నేర్పు, నలుగురిలో పరువు, అప్పు పుట్టే మాట.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. డిసెంబరు చివరి నుండి ఫిబ్రవరి దాకా మామిడికి పూత కాలం. తోట నిండుగా పూసిందంటే కొనేవారు వచ్చి చెట్లను చూసి, ఇంత కాయ దిగుతుందని కంటితో అంచనా కట్టి, మొత్తానికి ఒక వెల మాట్లాడుకుంటారు. బయానా ఇస్తారు. మిగతా సొమ్ము వాయిదాల మీద చెల్లిస్తారు. కొందరు పూత కూడా రాకముందే మాట్లాడుకుంటారు. మరికొందరు రెండు మూడేళ్ళ కాపును ఒకేసారి కొంటారు. ఆ రోజు నుండి మందుల ఖర్చు, కాపలా ఖర్చు, కోత కూలి అన్నీ కొన్నవాడివే. పెట్టుబడికి కమిషన్ వ్యాపారి అప్పు ఇస్తాడు. కాయ తన కొట్టుకే తేవాలన్న షరతు దానికి జత అవుతుంది. అది చాలకపోతే ఇల్లాలి నగలు తాకట్టుకు వెళతాయి.

ఆ తర్వాతి నాలుగు నెలల్లో ఏమైనా జరగవచ్చు. తేనెమంచు పురుగు పూతను పీల్చివేస్తుంది. బూడిద తెగులు పూగుత్తులను తెల్లగా కప్పివేస్తుంది. తామర పురుగు పిందె తొక్కను గరుకు చేసి ధరను సగానికి దింపుతుంది. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులు, వడగండ్లు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. మామిడి చెట్టు స్వభావమే ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు విశ్రాంతి తీసుకోవడం. ఇన్నీ దాటి కాయ దిగినా ధర ఉండాలి కదా! 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి ధర ఎంతగా పడిపోయిందంటే, రాష్ట్ర ప్రభుత్వం రైతుకు కిలోకు 4 రూపాయల చొప్పున తన వంతుగా చెల్లించవలసి వచ్చింది. ఆ తోతాపురినే మన వైపు కలెక్టరు కాయ అంటాము.

ఇంతటి అనిశ్చితిలో బ్రతికేవారి నోట తవక్కుల్ అన్న మాట తరచుగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. తోట కొన్నాము, అల్లాహ్ మీద భారం వేశాము అంటారు. నష్టం వస్తే అల్లాహ్ వ్రాసింది ఇంతే అంటారు. ఈ రెండు మాటలూ విశ్వాసి నోట రావలసినవే. అయితే మేము గమనించిన విషయం ఒకటి ఉంది. మన తవక్కుల్ సాధారణంగా బేరం ముగిసిన తర్వాత మొదలవుతుంది. బేరం చేసే వేళ లాభం లెక్క చూసుకుంటాము, పొరుగువాడు ఎంతకు కొన్నాడో చూసుకుంటాము. ప్రభువు ఈ బేరం గురించి ఏమైనా చెప్పాడా, ఆయన ప్రవక్త (స) ఏమైనా బోధించారా అని చూసుకోము. మార్గదర్శకత్వాన్ని నమ్మడమంటే ఫలితాన్ని ఆయనకు వదలివేయడమే అనుకుంటాము. ఆయన చూపిన మార్గాన నడవడం అందులో మొదటి భాగమన్న సంగతి మరచిపోతాము. తోట బేరాల విషయంలో ఆ మార్గం ఆశ్చర్యం కలిగించేంత వివరంగా ఉంది.

మదీనా ఖర్జూర తోటల నగరం. అక్కడి వ్యవహారం చాట్రాయి వ్యవహారానికి ఎంత దగ్గరగా ఉండేదో హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఉల్లేఖనం చెబుతుంది. సహీహ్ బుఖారీలో ఉన్న ఆ ఉల్లేఖన సారాంశం ఇది: ప్రజలు చెట్ల మీది పండ్లను ముందుగానే అమ్ముకునేవారు. కోతల వేళ డబ్బు అడిగితే, కొన్నవాడు పంటకు దుమాన్ తగిలిందని, మురాద్ వచ్చిందని, ఖుషామ్ పట్టిందని వాదించేవాడు. ఇవి మూడూ ఖర్జూర తెగుళ్ళ పేర్లు. గెల నల్లబడి కుళ్ళడం ఒకటి, చెట్టుకు వచ్చే జబ్బు ఒకటి, పక్వానికి రాకముందే కాయ రాలడం ఒకటి. తేనెమంచు, బూడిద తెగులు, పిందె రాలుడు అని మనవాళ్ళు చెప్పుకునే వరుసే ఇది. ఇటువంటి తగాదాలు తన సమక్షానికి పదేపదే రావడంతో, కాయలో పక్వత కనిపించే వరకు అమ్ముకోవద్దని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖనంలో ఇది నిషేధంగా, అమ్మేవానికీ కొనేవానికీ ఇద్దరికీ వర్తించేదిగా ఉంది. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలో కారణం కూడా ఉంది: అల్లాహ్ ఆ పండును ఆపివేస్తే, నీవు నీ సోదరుని సొమ్మును దేనికి బదులుగా తీసుకుంటావు అని ప్రవక్త (స) ప్రశ్నించారు.

పాఠకులు ఆ ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలని మా మనవి. నష్టం అల్లాహ్ తరఫు నుండి రావచ్చునన్నది అక్కడ ముందే అంగీకరించిన విషయం. విధిని నమ్మడమంటే అదే. ఆ నమ్మకం నుండి ప్రవక్త (స) తేల్చినది మాత్రం ఒక వ్యాపార నియమం. రేపు నా చేతిలో లేదని నిజంగా నమ్మినవాడు, రేపటి పండును నా చేతిలో ఉన్నట్లుగా అమ్మడు. ఎదుటివాని బలహీనతను ఆసరా చేసుకుని ఆ అనిశ్చితిని అతని నెత్తిన పెట్టడు.

హజ్రత్ జైద్ (రజి) తన తోట పండ్లను సురయ్యా నక్షత్రాలు ఉదయించే వరకు అమ్మేవారు కాదని కూడా ఆ గ్రంథంలోనే ఉంది. సురయ్యా అంటే మన కృత్తికలే. తెలుగు రైతులకు కార్తెల లెక్క తెలుసు. మే రెండవ వారంలో సూర్యుడు కృత్తికలో ప్రవేశించినప్పుడు ఆ నక్షత్రాలు ఎండ వెలుగులో మరుగైపోతాయి. ఆ కార్తె గడచి, రోళ్ళు పగిలే రోహిణి కార్తె వచ్చాక తెల్లవారుజామున తూర్పున మళ్ళీ కనిపించడం మొదలవుతుంది. అరేబియాలో అది ఖర్జూరం తెగులు గండం గడిచి, ఎరుపు పసుపు రంగులు తేలే కాలం. ఇక్కడ రసాలు పండే కాలం. నక్షత్రం వాన కురిపిస్తుందనే నమ్మకాన్ని ఇస్లాం ఖండించింది. కాలాన్ని గుర్తించడానికి నక్షత్రాన్ని చూడడాన్ని ఖండించలేదు. మామిడి విషయంలో ఆ గుర్తు మన పెద్దలకు తెలిసినదే: తొడిమ దగ్గర భుజాలు పొంగాలి, లోపల టెంక గట్టిపడాలి.

ఫిఖ్‌హ్ వివరాలలో పండితుల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. కాయ అసలు ఏర్పడకముందే అమ్మడం, కొన్ని సంవత్సరాల కాపును ఒకేసారి అమ్మడం చెల్లదనడంలో భేదం లేదు. పిందె కనిపించిన తర్వాత, పక్వానికి రాకముందు చేసే బేరాన్ని హనఫీ పండితులు కొన్ని షరతులతో అనుమతించారు. చెట్టు మీదే ఉంచాలన్న షరతు పెడితే చెల్లదన్నారు. తోటను నేలతో సహా కౌలుకు తీసుకోవడం వేరే విషయమని కొందరు ఇమాములు భావించారు. హజ్రత్ ఉసైద్ బిన్ హుదైర్ (రజి) అప్పులతో మరణించినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఆయన తోటను కొన్నేళ్ళకు కౌలుకిచ్చి ఆ అప్పులు తీర్చారన్న ఉల్లేఖనాన్ని వారు ఆధారంగా చూపారు. పండితుల్లో అధికులు అంగీకరించే దారి మరొకటి ఉంది. హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ తోటలను ప్రవక్త (స) అక్కడి యూదులకే అప్పగించి, పండిన దానిలో సగం వారిదిగా నిర్ణయించారు. తోట ఒకరిది, సాకడం మరొకరిది. దిగుబడి వస్తే ఇద్దరికీ, పోతే ఇద్దరికీ. తమ బేరం ఏ కోవలోకి వస్తుందో పాఠకులు బయానా ఇచ్చేముందు తమకు నమ్మకమైన ఆలింను అడిగి తెలుసుకోవాలి. బయానా ఇచ్చిన తర్వాత అడిగే ప్రశ్నకు సమాధానం ఎలా ఉన్నా మనసు ఒప్పుకోదు.

ఇక్కడ మాకు వినిపించే అభ్యంతరం సామాన్యమైనది కాదు. కాయ ముదిరేదాకా మేము ఆగితే తోట మాకు దక్కుతుందా? పూత మీదే మరొకరు ఎగరేసుకుపోతారు. ముదిరిన తర్వాత కొంటే వెల రెట్టింపు. చేతిలో అంత డబ్బు లేదు కనుకనే కదా ముందుగా కొనడం! పిల్లలకు ఏం పెట్టాలి? ఈ ప్రశ్న వేసేవారిని తేలిక మాటలతో ఓదార్చడం మాకు ఇష్టం లేదు. ఒక సీజను లాభం పోవచ్చు. రెండు సీజన్లూ పోవచ్చు.

అల్లాహ్‌కు భయపడేవానికి ఆయన దారి చూపుతాడని, అతను ఊహించని చోటు నుండి ఉపాధి ఇస్తాడని, తనను నమ్ముకున్నవానికి తానే చాలునని అల్లాహ్ చేసిన వాగ్దానం మన దుకాణాల గోడల మీద అందమైన అక్షరాలలో వ్రేలాడుతూ ఉంటుంది. అది ఏ సూరాలోనిదో చాలామంది గమనించరు. అత్ తలాఖ్ సూరాలోనిది (65: 2-3). విడాకుల నియమాల మధ్య ఆ వాగ్దానం వచ్చింది. గడువు లెక్కించండి, భార్యను ఇంటి నుండి వెళ్ళగొట్టకండి, మర్యాదగా ఉంచుకోండి లేదా మర్యాదగా విడిచిపెట్టండి, ఇద్దరు న్యాయవంతులను సాక్షులుగా పెట్టుకోండి అన్న ఆజ్ఞల నడుమ అది ఉంది. మనిషి కోపంతో, దుఃఖంతో, ఖర్చుల భయంతో సతమతమయ్యే వేళ హద్దు దాటకుండా నిలిచినవానికి చెప్పిన మాట అది. సంసారం విరిగిన చోట ఆ మాట ఎంత నిజమో, తోట చేజారిన చోట కూడా అంతే నిజం.

హద్దు పాటించిన తర్వాత జాగ్రత్త పడడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఒంటెను కట్టివేసి నమ్మకముంచాలా, వదిలేసి నమ్మకముంచాలా అని అడిగినవానికి, ముందు కట్టమని ప్రవక్త (స) చెప్పిన సంగతి తిర్మిజీ ఉల్లేఖనం ద్వారా అందరికీ తెలిసినదే. యూసుఫ్ ప్రవక్త (అలై) కరువును ఏడేళ్ళ ముందే తెలుసుకుని ధాన్యాన్ని వెన్నులలోనే నిల్వ చేయించారు. దైవజ్ఞానం అందినవారు కూడా గోదాములు కట్టించారు! ఇక ఖుర్ఆన్ అంతటిలో అతి పొడవైన వాక్యం దేని గురించో తెలుసా? అప్పును కాగితం మీద పెట్టడం గురించి (2: 282). తోట బేరాలలో అత్యధికం నోటిమాట మీద, మహా అయితే చీటీ మీద నడుస్తాయి. నేలతో సహా కౌలుకు తీసుకుని సాగు చేసేవారికి 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పంద పత్రం పొందే వీలు మన రాష్ట్రంలో ఉంది. దాని కోసం గ్రామ సచివాలయం మెట్లెక్కడం కూడా ఒంటెను కట్టడంలో భాగమే.

ఇంటి విషయం కూడా చెప్పవలసి ఉంది. భార్య నగలు, ముఖ్యంగా ఆమె మహర్, ఆమె సొత్తు. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తేనే వాటిని వాడుకోవచ్చునని అన్ నిసా సూరా (4: 4) నిర్దేశించింది. అడిగి తీసుకోవడం వేరు, బీరువా తాళం తీసుకోవడం వేరు. సొమ్ము ఎంత తెచ్చాము, ఎవరి దగ్గర తెచ్చాము, ఎప్పటికి కట్టాలి అన్నవి ఆమెకు తెలిసి ఉండాలి. మగవారు అప్పును ఇంట్లో దాచడాన్ని బరువు తమ మీదే వేసుకోవడమని భావిస్తారు. ఆ బరువు ఒకనాడు మనిషినే క్రుంగదీస్తే మిగిలేది ఆమె, పిల్లలే.

ఇప్పుడు నష్టం వచ్చిన తర్వాతి సంగతి. సహీహ్ ముస్లింలో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ఉంది. నీవు నీ సోదరునికి పండ్లు అమ్మిన తర్వాత వాటికి ఆపద తగిలితే, అతని నుండి ఏమీ తీసుకోవడం నీకు ధర్మసమ్మతం కాదని ప్రవక్త (స) సెలవిచ్చారు. ఇది అమ్మినవారికి, అంటే తోట యజమానికి చెప్పిన మాట. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఇలాంటి వ్యవహారంలో నష్టం మేరకు వెల తగ్గించాలని తీర్పు చెప్పారు. ఇమాం మాలిక్ (రహ్మ) ఆ తీర్పును తమ ముఅత్తాలో నమోదు చేసి, పంటలో మూడవ వంతు లేదా అంతకు మించి పోయినప్పుడు తగ్గింపు ఇవ్వాలని వివరించారు. హనఫీ పండితులు దీనిని విధిగా కాక ఔదార్యంగా పరిగణించారు. విధి అన్నా ఔదార్యమన్నా, తోట యజమానులైన మన పాఠకులు గాలివాన మరునాడు వాయిదా సొమ్ము కోసం మనిషిని పంపేముందు ఈ హదీసును ఒకసారి ఇంట్లో చదివించుకోవాలి. కొన్నవాడు ముస్లిం అయినా, ముస్లిమేతరుడైనా ఇదే మాట. మన వైపు తోటల యజమానుల్లో అధికులు ముస్లిమేతరులు. అటువంటి రోజున నలుగురు పెద్దలను కూర్చోబెట్టి వెల తగ్గించే న్యాయబుద్ధి పల్లెల్లో ఇంకా బ్రతికే ఉంది. ఆ విషయంలో మనం వెనుకబడితే అది సిగ్గుచేటు.

నష్టపోయినవానిని మరో దెబ్బ కొట్టేది చుట్టూ ఉన్నవారి నోరు. ఏ పాపం చేశాడో, జకాత్ ఎగ్గొట్టాడో అందుకే ఇలా అయింది అంటారు. వీరికి అల్ ఖలమ్ సూరాలోని తోట యజమానుల గాథ గుర్తుకు వస్తుంది కాబోలు. పేదలు రాకముందే తెల్లవారుజామున కోసుకుందామని ప్రతిన పూనినవారి తోట రాత్రికి రాత్రే బూడిదైన వృత్తాంతమది. ఆ సంగతి అల్లాహ్ చెబితే మనకు తెలిసింది. పొరుగువాని తోట ఎందుకు పోయిందో అల్లాహ్ మనకు చెప్పలేదు. మనకు చెప్పినది అల్ బఖరాలోని వాక్యం. అక్కడ ఫలాల నష్టం పరీక్ష. ఓర్చుకున్నవారికి శుభవార్త ఇమ్మని దాని ముగింపు. ఖలమ్ సూరాను ఎవరికి వారు తమ మీద చదువుకోవాలి, బఖరా సూరాను పొరుగువాని మీద చదవాలి.

ఫలాలంటే సంతానమని చెప్పిన వ్యాఖ్యాతల సంగతి ఇక్కడికే వస్తుంది. నష్టానికి కన్నీరు పెట్టడం విశ్వాసలోపమని కొందరు అనుకుంటారు. పసివాడైన తన కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు కార్చారు. కన్ను వర్షిస్తుంది, మనసు బాధపడుతుంది, నోరు మాత్రం ప్రభువుకు నచ్చనిది పలకదు అన్న అర్థంలో మాట్లాడారు. యాఖూబ్ ప్రవక్త (అలై) కొడుకు కోసం దుఃఖించి కళ్ళు తెల్లబడేంత వరకు వెళ్ళారు. ఆయన సహనాన్నే ఖుర్ఆన్ సుందరమైన సహనం అన్నది. తోట పోయిన ఇంట్లో నాలుగు రోజులు పొయ్యి సరిగా వెలగకపోతే ఉపన్యాసాలు ఇవ్వడానికి వెళ్ళకండి. అన్నం పట్టుకెళ్ళండి.

భర్త అబూ సలమా (రజి) మరణించినప్పుడు హజ్రత్ ఉమ్మె సలమా (రజి), ఆపద వేళ చదవమని ప్రవక్త (స) నేర్పిన దుఆ చదివారు. పోయినదానికి బదులు అంతకంటే మేలైనది ప్రసాదించమని అందులో వేడుకోలు ఉంటుంది. అబూ సలమా కంటే మేలైనవారు ఎవరుంటారని ఆమె మనసులో అనుకున్నారు కూడా. అయినా ఆ మాటలు పలికారు. తర్వాత ఆమె దైవప్రవక్త (స) ఇంటి ఇల్లాలయ్యారు. మేలు ఏ రూపంలో వస్తుందో కనిపించనప్పుడు దుఆలో బూటకం లేదు. కనిపించకుండానే అడగడం ఆమె మనకు నేర్పారు.

అబూ దావూద్ గ్రంథంలో మరొక సంఘటన ఉంది. నమాజు వేళ కాని వేళ మస్జిద్‌లో ఒంటరిగా కూర్చున్న అబూ ఉమామా అన్న అన్సారీ సహచరుని ప్రవక్త (స) చూసి, ఈ వేళ ఇక్కడ ఎందుకున్నావని అడిగారు. దిగుళ్ళు, అప్పులు అని ఆయన జవాబిచ్చారు. ప్రవక్త (స) ఆయనకు ఒక దుఆ నేర్పారు. అందులో దుఃఖం నుండి, అప్పుల ఒత్తిడి నుండి శరణు కోరడమే కాక అసమర్థత నుండి, సోమరితనం నుండి కూడా శరణు కోరడం ఉంది. ఆ దుఆ మన పిల్లలకు సైతం కంఠస్థం. ఆయన వేళ కాని వేళ కూర్చున్న మనిషిని గమనించి పలకరించడం మాత్రం మనకు అలవాటు కాలేదు. మే, జూన్ నెలల్లో మన మస్జిదులలో అలా కూర్చున్నవారు ఉంటారు. ఆత్మహత్య నిషిద్ధమని (4: 29) జుమా ఉపన్యాసంలో చెప్పడం అవసరమే. అంతకు ముందే అతని ప్రక్కన కూర్చుని ఎంత అప్పు ఉంది భాయీ అని అడగడం ఇంకా అవసరం.

ధర పడిపోయినప్పుడు మరో పరీక్ష వస్తుంది. త్వరగా రంగు తేలి త్వరగా అమ్ముడుపోవాలని లేత కాయను కోసి కార్బైడ్ పొట్లాలు పెట్టడం. దేశంలో 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దీనిని నిషేధించాయి. చట్టం మాట అలా ఉంచి, పైకి పొడిగా కనిపించే ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని బయటికి తీసి, మోసగించేవాడు మావాడు కాడని ప్రవక్త (స) హెచ్చరించిన సంగతి ఉంది. పైన పసుపు, లోపల పులుపు ఉన్న పండు ఆ రాశి వంటిదే.

ఇక సమాజం వంతు. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనం ప్రకారం మదీనాలో ఒక వ్యక్తి కొన్న పండ్లకు ఆపద తగిలి అప్పుల పాలయ్యాడు. అతనికి దానం చేయండని ప్రవక్త (స) ప్రజలను ఆదేశించారు. ప్రజలు ఇచ్చారు. అప్పు తీరేంతగా సమకూడలేదు. అప్పుడు ఆయన అప్పులవాళ్ళతో, దొరికినది తీసుకోండి, మీకు ఇంతకు మించి లేదు అన్నారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. తోట కొని చితికిపోయిన మనిషి కథ పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే ఇలా నడిచింది. అతనికి ఆకాశం నుండి సంచీ పడలేదు. పొరుగువారి దానం, అప్పులవాళ్ళ విడుపు రెండూ కలిసి అతన్ని నిలబెట్టాయి. జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో అప్పుల్లో కూరుకుపోయినవారు ఒక వర్గమని అత్ తౌబా సూరా (9: 60) స్పష్టం చేసింది. మనం రమజాన్‌లో బియ్యం, బట్టలు పంచి జకాత్ లెక్క ముగిస్తాము. తెల్లచొక్కా వేసుకుని తిరిగే అప్పులవాడు ఆ వరుసలో నిలబడడు, అతన్ని వెతుక్కుంటూ మనమే వెళ్ళాలి. తోటలున్నవారికి ఉష్ర్ కూడా ఉంది. వర్షాధారమైతే పదవ వంతు, నీరు పెట్టి పండిస్తే ఇరవయ్యవ వంతు. హనఫీ మతంలో అది మామిడికీ వర్తిస్తుంది. చాట్రాయి, చనుబండ, విస్సన్నపేట వైపు మస్జిద్ కమిటీలు ఈ ఉష్ర్ సొమ్మును ఒకచోట చేర్చి, దాన్ని పొందడానికి అర్హులైన అప్పులవారిని గుర్తించి, కాపు దెబ్బతిన్న ఏడు వారికి అందించగలిగితే వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కేవారు కొందరైనా తగ్గుతారు.

కాయ ముదిరిన తర్వాత బేరం చేసినా కోత ముగిసేదాకా ఇంకా కొన్ని వారాలు గాలి భయం ఉంటుంది. కనుక ఈ ఏడు తోట మాట్లాడుకునేవారు, అమ్మేవారు ఇద్దరూ తమ కాగితంలో ఒక వాక్యం చేర్పించాలని మేము కోరుతున్నాము: గాలివాన, వడగండ్లు, తెగులు కారణంగా కాయలో మూడవ వంతు లేదా అంతకు మించి నష్టమైతే, ఇద్దరు పెద్దలు తోట చూసి తేల్చిన మేరకు వెల తగ్గించబడుతుంది. ఆ ఇద్దరు పెద్దల పేర్లు కూడా ఆ రోజే వ్రాసుకోవాలి.